గ్రామర్ పుస్తకం మూసేసి రైల్వే టైమ్‌టేబుల్ తెరిచారు: బెంగళూరు ప్రాజెక్ట్ కథ

ఈ రోజు ఎపిసోడ్ నా పరువు పోయిన కథతో మొదలుపెడతా.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు రెండు నెలలు జర్మనీ ఆన్‌సైట్ వెళ్లాను. వెళ్లేముందు ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకుని రోజూ జర్మన్ పదాలు బట్టీ పట్టాను. 400 రోజుల స్ట్రీక్. ఒక్క రోజు కూడా తప్పలేదు, పెళ్లిలో భోజనాల బంతిలో కూర్చుని కూడా చేశాను. ఆఫీసులో మొదటి రోజు మధ్యాహ్నం కారిడార్‌లో ఒకాయన ఎదురొచ్చి "మాల్‌త్సైట్!" అన్నాడు. ఆ పదం నాకు తెలుసు. భోజనం అని అర్థం. భోంచేశావా అని అడుగుతున్నాడనుకుని, నిలబడి, వాక్యం కూర్చుకుని, ఇంకా తినలేదండీ అని చెప్పాను. ఆయన అయోమయంగా చూసి వెళ్లిపోయాడు. తర్వాత తెలిసింది, మధ్యాహ్నం పూట అక్కడ ఆఫీసుల్లో అదొక పలకరింపు అట. మనం గుడ్ మార్నింగ్ అన్నట్టు. తిరిగి "మాల్‌త్సైట్" అనేస్తే సరిపోయేది.

400 రోజులు ఏం నేర్చుకున్నట్టు మరి? ఆ కోపంతోనే భాషలు నేర్పడం చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివితే, నాకంటే ఘోరంగా దెబ్బతిన్నవాడు ఒకాయన దొరికాడు.

ఆయన పేరు ఫ్రాన్సువా గువాన్. 19వ శతాబ్దం, ఫ్రాన్స్‌లో లాటిన్ టీచర్. జర్మన్ నేర్చుకుందామని హాంబర్గ్ వెళ్లాడు. లాటిన్ టీచర్ కదా, తనకు తెలిసిన పద్ధతే వాడాడు. ముందు జర్మన్ గ్రామర్ పుస్తకం, దాంతోపాటు 248 క్రమం తప్పిన క్రియలు, కొన్ని రోజుల్లోనే కంఠతా పట్టేశాడు. యూనివర్సిటీకి వెళ్లి లెక్చర్ విన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. సరే అని ధాతువులు బట్టీ పట్టాడు. మళ్లీ వెళ్లాడు. అర్థం కాలేదు. గొథే, షిల్లర్ రచనలు అనువాదం చేశాడు. ఫలితం లేదు. చివరికి ఏం చేశాడో తెలుసా? డిక్షనరీ పట్టుకున్నాడు. నెల రోజుల్లో 30,000 పదాలు. కళ్లు దెబ్బతిన్నాయి గానీ జర్మన్ మాత్రం రాలేదు. మనిషి ఆ ఊళ్లోనే ఉన్నాడండీ, చుట్టూ అందరూ జర్మన్ మాట్లాడుతున్నారు, ఈయన మాత్రం గదిలో పుస్తకంతో కుస్తీ.

ఓడిపోయి ఇంటికొచ్చేసరికి, వెళ్లేటప్పుడు మాటలు రాని మేనల్లుడు మూడేళ్ల పిల్లాడయ్యి ఫ్రెంచ్‌లో గలగలా మాట్లాడుతున్నాడు. ఒకరోజు వాడిని పిండి మర చూపించడానికి తీసుకెళ్లారు. ఇంటికొచ్చాక వాడు చిన్న చిన్న సంచుల్లో ఇసుక నింపి, నీళ్ల దగ్గర సొంతంగా ఒక మర కట్టుకుని, సంచి మోసుకొస్తూ, పోస్తూ, చేసే ప్రతి పనినీ పైకి చెబుతూ ఆడుకున్నాడు. గువాన్ అది చూస్తూ కూర్చున్నాడు. పిల్లాడు పదాలు నేర్చుకోవడం లేదు, పని చేస్తున్నాడు, పనితో పాటు మాట వస్తోంది. దీని మీద ఆయన 1880లో పుస్తకం రాశాడు. తలుపు దగ్గరికి నడుస్తున్నాను, గొళ్లెం పట్టుకున్నాను, తిప్పాను, తలుపు తెరుచుకుంది... ఇలా ఒక పనిని వరసగా చేస్తూ చెప్పించడం ఆయన పద్ధతి.

దాదాపు అదే కాలంలో, 1878లో, అమెరికాలో మాక్సిమిలియన్ బెర్లిట్జ్ తన స్కూల్ పెట్టాడు. క్లాసులో నేర్పే భాష తప్ప ఇంకోటి వినపడకూడదు, అదీ ఆయన రూలు. బాగానే నడిచింది. కానీ గమనించండి, ఫీజు కట్టే పెద్దవాళ్లు, చిన్న క్లాసు, ఆ భాష పుట్టుకతో వచ్చిన టీచరు. మన ప్రభుత్వ బడికి దీన్ని తెచ్చి అతికించండి చూద్దాం. యాభై మంది పిల్లలు, ఒక బోర్డు, ఒక సుద్దముక్క, తనూ ఇంగ్లిష్ రెండో భాషగానే నేర్చుకున్న మాస్టారు.

ఇప్పుడు మన వైపు వద్దాం. అసలు కథ ఇక్కడే ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక దక్షిణాదిలో ఇంగ్లిష్ పాఠానికి స్ట్రక్చరల్ పద్ధతి వచ్చింది. వాక్య నిర్మాణాలను తేలిక నుంచి కష్టానికి మెట్లుగా పేర్చి, ఒక్కోటీ నోటితో పదే పదే చెప్పించడం. "దిస్ ఈజ్ ఎ బుక్. దట్ ఈజ్ ఎ డోర్. ఐ యామ్ ఓపెనింగ్ ది డోర్." అవును, గువాన్ తలుపే! కాకపోతే తలుపు ఎందుకు తెరుస్తున్నారో ఎవరికీ తెలీదు. మద్రాసు రాష్ట్రంలో 1960 ప్రాంతంలో ఈ పద్ధతిలో 27,000 మంది ప్రైమరీ టీచర్లకు ట్రైనింగ్ ఇవ్వాలని ఒక పెద్ద కార్యక్రమమే పెట్టారు. కొందరికి నేర్పితే వాళ్లు మరికొందరికి నేర్పుతారు, మంచు ముద్ద దొర్లుతూ పెద్దదయినట్టు. అందుకే దానికి మద్రాస్ స్నోబాల్ అని పేరు. మద్రాసులో మంచు! సరే వదిలేయండి.

1970ల చివరికి వచ్చేసరికి టీచర్లలో ఒక అసంతృప్తి. పిల్లలు డ్రిల్‌లో వాక్యం తప్పులేకుండా చెబుతున్నారు, బయట అదే వాక్యం నోట్లోంచి రావట్లేదు. మద్రాసు బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేస్తున్న ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన, బెంగళూరులోని రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ వాళ్లతో కలిసి 1979లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఈ ఇన్‌స్టిట్యూట్ మనకి కొత్తది కాదు, మన తెలుగు రాష్ట్రాల ఇంగ్లిష్ టీచర్లు కూడా ట్రైనింగ్‌కి వెళ్లే చోటే. ప్రయోగం 1984 దాకా, బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బడుల్లో నడిచింది. ప్రభు వాదన ఒక్క ముక్కలో చెప్పాలంటే: మనసు అర్థం మీద పెట్టి కష్టపడుతున్నప్పుడు గ్రామర్ తనంతట తానే లోపల కుదురుకుంటుంది. కాబట్టి సిలబస్‌లో భాషే ఉండకూడదు. ఇంగ్లిష్ క్లాసుకి గ్రామర్ లిస్టూ లేదు, పదాల లిస్టూ లేదు. మరి ఏముంది? రైల్వే టైమ్‌టేబుల్, ఊరి మ్యాపు, క్యాలెండర్, డబ్బు లెక్కలు, ప్రయాణ దూరాలు.

క్లాసు ఎలా నడిచేదో మన ఊళ్ల పేర్లతో చెప్తాను. నెంబర్లు నేను కల్పించినవి, చూసి టికెట్ బుక్ చేయకండి. బోర్డు మీద మూడు రైళ్లు. ఒకటి విజయవాడలో 6 గంటలకు బయల్దేరి 9:15కి వరంగల్ చేరుతుంది. రెండోది వరంగల్‌లో 9:45కి బయల్దేరి 12:15కి సికింద్రాబాద్. మూడోది విజయవాడ నుంచి నేరుగా, 8:30కి బయల్దేరి 2:30కి సికింద్రాబాద్. రవికి సికింద్రాబాద్‌లో 2 గంటలకు ఇంటర్వ్యూ. ఎలా వెళ్లాలి? ముందు మాస్టారు ఇలాంటిదే ఒక లెక్క క్లాసు మొత్తంతో కలిసి, ప్రశ్నలు వేస్తూ చేస్తారు. ఆ తర్వాత ఇంకో లెక్క ఇచ్చి, ఎవరికి వారే చేయమంటారు. "మొదటి రైలు 40 నిమిషాలు లేటయితే?" అన్నారనుకోండి. పిల్లాడి బుర్ర గిర్రున తిరుగుతుంది. 9:55కి వరంగల్, అప్పటికి రెండో రైలు పోయింది. "సెకండ్ ట్రెయిన్ గో, సర్!" అంటాడు. మాస్టారు అక్కడ ఆపి టెన్స్ పాఠం చెప్పరు. "యెస్, ఇట్ హాజ్ గాన్. సో వాట్ కెన్ హీ డూ?" అంటూ సరైన రూపం మామూలుగా అనేసి ముందుకెళ్తారు. మార్కులు కూడా లెక్క సరిగ్గా తేలిందా లేదా అన్నదానికే. స్పెల్లింగ్‌కి కాదు.

ఇలాంటి పనుల్ని ఆయన మూడు రకాలుగా చూశారు. ఒకరి దగ్గర ఉన్న సమాచారం ఇంకొకరికి చేరవేయడం ఇన్ఫర్మేషన్ గ్యాప్. ఉన్న సమాచారం నుంచి ఆలోచించి కొత్త విషయం తేల్చడం రీజనింగ్ గ్యాప్, మన రవి రైలు లెక్క ఇదే. నీ అభిప్రాయం చెప్పు అనేది ఒపీనియన్ గ్యాప్. ఆయన ఎక్కువ మొగ్గింది రెండోదానికి. అది నాకు చాలా నచ్చింది. కొత్తగా ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లాణ్ని లేపి నీ అభిప్రాయం చెప్పు అంటే వణుకుతాడు. లెక్క అయితే జవాబు ఒక్క పదమైనా చాలు, "నో!" అని గట్టిగా అరవగలడు.

ఇంకో విషయం. ఇప్పుడు లాంగ్వేజ్ క్లాస్ అనగానే గ్రూపులు చేసి మాట్లాడుకోండి అంటారు కదా. ప్రభు గ్రూప్ వర్క్‌కి దూరంగా ఉన్నారు. అందరిదీ ఒకే మాతృభాష అయినప్పుడు గ్రూపులో వదిలేస్తే అందులోకే జారిపోతారు, లేదా ఒకరి తప్పులు ఒకరు నేర్చుకుంటారు అని. దీని మీద బయటివాళ్లు ఆయన్ని బాగానే విమర్శించారు. నాకైతే యాభై మంది క్లాసు చూసినవాడు చెప్పే మాటలాగే ఉంది.

మరి ఫలితం? చివర్లో బెరెట్టా, డేవిస్ అనే ఇద్దరు బయటివాళ్లు వచ్చి, ఈ క్లాసుల పిల్లల్నీ మామూలు క్లాసుల పిల్లల్నీ పోల్చారు. స్ట్రక్చర్ల పరీక్షలో పాత పద్ధతి పిల్లలు ముందున్నారు, టాస్కుల పరీక్షలో ప్రాజెక్ట్ పిల్లలు ముందున్నారు. ఇది ఊహించిందే, ఎవరు ఏది ప్రాక్టీస్ చేస్తే వాళ్లకి అది వచ్చింది. సందర్భంలో పెట్టి అడిగిన గ్రామర్, డిక్టేషన్ లాంటి వాటిలో మాత్రం ప్రాజెక్ట్ పిల్లలు మెరుగ్గా చేశారు. అంటే గ్రామర్ పాఠం వినని పిల్లలకు గ్రామర్ కొంత ఎక్కింది. కానీ పిల్లల్ని లాటరీ తీసి రెండు జట్లు చేసిన ప్రయోగం కాదిది, ఉన్న క్లాసుల్ని ఉన్నట్టు పోల్చారు. కాబట్టి కాలర్ ఎగరేసేంత రుజువేం కాదు.

1987లో ప్రభు పుస్తకం ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. టాస్క్‌లతో భాష నేర్పడం గురించి ఇవాళ ప్రపంచంలో ఎక్కడ టీచర్లకు పాఠం చెప్పినా బెంగళూరు ప్రాజెక్ట్ పేరు తప్పకుండా వస్తుంది. జపనీస్ క్లాసులో మెనూ కార్డు, స్పానిష్ క్లాసులో మెట్రో మ్యాపు పెడుతున్నారంటే ఈ ఆలోచనకి చుట్టాలే. అమీర్‌పేట్ గోడల మీద మాత్రం ఇప్పటికీ 30 రోజుల్లో ఇంగ్లిష్ అనే పోస్టరే. పోనీ ప్రభు తన పద్ధతే గొప్పదన్నారా అంటే, అదీ లేదు. 1990లో రాసిన వ్యాసంలో అన్నిటికంటే మంచి పద్ధతంటూ ఒకటి లేదని, టీచరు తను చేస్తున్నది నమ్మి, ఆలోచించి చేస్తున్నారా లేక యంత్రంలా నడిపిస్తున్నారా అన్నదే చూడాలని వాదించారు.

ఇదంతా ఇప్పుడెందుకు అంటారా? మా పెద్దమ్మ కూతురు నర్సు. జర్మనీ వెళ్లడానికి చదువుతోంది. బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం పాసయ్యింది, మాట్లాడటంలో పోయింది. అందులో ఇద్దరు కలిసి ఒక ప్లాన్ వేయాలి. కోచింగ్‌లో ఇచ్చిన వాక్యాలన్నీ అక్క కంఠతా పట్టుకెళ్లింది. పక్కనున్న అమ్మాయి "శనివారం నాకు కుదరదు" అంటే, అక్క తన వరసలో ఉన్న తర్వాతి వాక్యం చెప్పింది: "అయితే శనివారం కలుద్దాం!" ఫోన్‌లో చెప్పి నవ్వింది గానీ, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. మళ్లీ ఫీజు, మళ్లీ లీవు, ఇంట్లో వాళ్ల మాటలు.

నేను టీచర్ని కాదు. కానీ రెండు నెలలుగా ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో ఒక్కటే చేస్తున్నాం. తన వార్డు డ్యూటీ చార్టు లాంటిది ఒకటి గీసి మధ్యలో పెడతాను. ఐదుగురు నర్సులు, ఏడు రోజులు, ఒకరికి జ్వరం, ఒకరింట్లో పెళ్లి. నైట్ డ్యూటీలు సర్దాలి, జర్మన్‌లో. మొదటి వారం పది నిమిషాలు మౌనం, నాకూ చెమటలు. మొన్న ఆదివారం నేను గురువారం నైట్ చేయలేనని మొండికేశాను. అక్కకి నిజంగానే కోపం వచ్చింది. పోయిన వారం కూడా నువ్వే తప్పించుకున్నావు, ఆమెకి జ్వరం, ఈమెకి పెళ్లి, ఇంకెవరు చేస్తారు అని ఆపకుండా వాయించేసింది. ఆర్టికల్స్ కనీసం నాలుగు చోట్ల తప్పు. జర్మన్‌లో తిడుతున్నానన్న సంగతి కూడా తను గమనించలేదు.

పరీక్ష వచ్చే నెల రెండో వారంలో. గురువారం నైట్ మాత్రం నాకే పడింది.