క్రికెట్ కొలువు నుంచి వచ్చిన మేనేజర్

1860ల్లో అమెరికా బేస్‌బాల్‌కు ఓ నియమం ఉండేది: ఆటగాడు డబ్బు పుచ్చుకోకూడదు. పుచ్చుకునేవాళ్లు మాత్రం ఉండనే ఉండేవారు. ఉత్తుత్తి ఉద్యోగం ఒకటి చూపించి చాటుగా ముట్టజెప్పేవారు. 1869లో ఆ ముసుగు తీసేసి, జట్టు జట్టంతటికీ బాహాటంగా జీతాలిచ్చింది సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్. ఆ జట్టును కూర్చి నడిపింది హ్యారీ రైట్. మేనేజర్ పనికి ఒక రూపం వచ్చింది ఆయన చేతుల్లోనే.

ఆ రూపానికి మూలం క్రికెట్ అని నా నమ్మకం. హ్యారీ 1835లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో పుట్టారు. తండ్రి శామ్ న్యూయార్క్‌లోని సెయింట్ జార్జ్ క్రికెట్ క్లబ్బులో జీతం మీద ఆడేవారు. కొడుకూ అక్కడే బౌలరయ్యాడు. సభ్యులకు ఆట నేర్పి, మ్యాచ్‌లు ఆడి జీతం తీసుకోవడం క్రికెట్‌లో సిగ్గుపడాల్సిన సంగతి కాదు. హ్యారీ సిన్సినాటి వెళ్లింది కూడా క్రికెట్ కొలువుకే. ఊళ్లో బేస్‌బాల్ ఊపందుకోవడంతో అటు మళ్లారు.

జీతమిస్తున్నాం కాబట్టి పని అడగవచ్చు. ఈ చిన్న తర్కాన్ని ఆయన చివరిదాకా లాగారు. రోజూ సాధన. తాగుడు, జూదం కూడదు. బంతి ఎటు వెళ్తే ఎవరు ఎవరి వెనక ఆసరాగా నిలవాలో ముందే నేర్పడం. తాను సెంటర్ ఫీల్డ్‌లో ఆడుతూ, అవసరమైతే నెమ్మది బంతులు విసురుతూ, 1200 డాలర్లు తీసుకున్నారు. షార్ట్‌స్టాప్‌గా ఆడిన తమ్ముడు జార్జ్‌కు 1400. ఆటను బట్టే జీతమన్నమాట. ఆ ఏడాదే ఖండాన్ని దాటే రైలుమార్గం పూర్తయితే, జట్టును శాన్‌ఫ్రాన్సిస్కో దాకా తీసుకెళ్లారు. 57 విజయాలు, ఒక్క ఓటమీ లేదు.

1870 జూన్ 14న బ్రూక్లిన్‌లో అట్లాంటిక్స్‌తో మ్యాచ్. తొమ్మిది ఇన్నింగ్స్ ముగిసేసరికి 5-5. ప్రత్యర్థులు డ్రాతో తృప్తిపడ్డారు. హ్యారీ ఒప్పుకుంటే ఓటమి ఎరుగని పేరు నిలిచేది. ఆయన ఒప్పుకోలేదు, ఆట తేలాల్సిందే అన్నారు. పదకొండో ఇన్నింగ్స్‌లో 8-7తో ఓడిపోయారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చిన నిర్ణయం ఇదే.

ఓటముల తర్వాత జనం పలచబడ్డారు, క్లబ్బు జీతాలు మానుకుంది. హ్యారీ బోస్టన్ వెళ్లి, 'రెడ్ స్టాకింగ్స్' పేరునూ వెంట తీసుకెళ్లారు. అక్కడ 1872 నుంచి 1875 దాకా వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచారు. 1875లో 71 గెలుపులు, 8 ఓటములు! 1874లో జట్టును ఇంగ్లండు తీసుకెళ్లి, పుట్టిన దేశానికి బేస్‌బాల్ చూపించారు. మ్యాచ్‌ల తేదీలు, రైలు ప్రయాణాలు, టికెట్ డబ్బులో వాటాలు, ఆటగాళ్ల ఒప్పందాలు అన్నీ తానే ఉత్తరాల్లో తేల్చుకునేవారు. ఆ ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు ఒక్కో క్లబ్బులో ఎంతోమంది పంచుకునే పని అది.

నేషనల్ లీగ్ వచ్చాక 1877, 1878లలో మరో రెండు టైటిళ్లు. తర్వాత ప్రావిడెన్స్, ఆపైన ఫిలడెల్ఫియాలో పదేళ్లు. 1890లో కొన్ని నెలలు చూపు పోయింది. తిరిగి రాగానే జట్టు దగ్గరకే వచ్చారు. 1893లో ఫిలడెల్ఫియా ఆయనను వదులుకునేనాటికి 23 సీజన్లు, 1225 విజయాలు. లీగ్ ఆయనకు అంపైర్లపై పెద్దరికం అప్పగించింది. 1895 అక్టోబరు 3న అట్లాంటిక్ సిటీలో కన్నుమూశారు. తమ్ముడు జార్జ్‌ను 1937లోనే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నవాళ్లకు, ఆ జట్టును నిర్మించిన అన్న 1953 దాకా గుర్తుకు రాలేదు. అది అన్యాయమే.