నాళరంధ్రం నుంచి నాళకుడ్యానికి: ధమనీ ఫలక చిత్రణ పరిణామం

1904లో జర్మన్ వ్యాధివిజ్ఞాని ఫెలిక్స్ మార్షాండ్ ‘అథెరోస్క్లెరోసిస్’ అనే పదాన్ని ప్రతిపాదించాడు. గ్రీకులో దాని పూర్వభాగానికి జావ అనీ, ఉత్తరభాగానికి గట్టిపడటం అనీ అర్థం. ధమని గోడలో జావవంటి కొవ్వు చేరడాన్నీ, ఆ గోడ బిరుసెక్కడాన్నీ ఈ పేరు సూచిస్తుంది. ఇది గోడకు వచ్చే వ్యాధి అని శవపరీక్షల వల్ల అప్పటికే తెలుసు. అయితే జీవించి ఉన్న రోగిలో మొదట చిత్రించగలిగింది గోడను కాదు, రక్తం ప్రవహించే రంధ్రాన్ని.

1927లో లిస్బన్‌లో ఎగాస్ మొనీజ్ మెదడు కణితుల స్థానాన్ని గుర్తించే ప్రయత్నంలో కంఠధమనిలోకి అయొడిన్ లవణ ద్రావణాన్ని ఎక్కించి ఎక్స్-రే చిత్రాలు తీశాడు. 1929లో అదే నగరంలో రేనాల్డో దుస్ సాంతుష్ బృహద్ధమనిని ఈ విధంగా చిత్రించాడు. ఆంజియోగ్రఫీలో కనిపించేది ద్రావణం నిండిన మార్గపు నీడ. నీడ సన్నబడిన చోట ఫలకం ఉన్నట్లు భావించేవారు. అందువల్ల మార్గం ఎంత శాతం ఇరుకైందన్నదే వ్యాధి తీవ్రతకు ప్రధాన కొలమానమైంది. ఈ కొలమానం నిరుపయోగమైనది కాదు. పక్షవాత లక్షణాలు కనబడి, కంఠధమని 70 శాతానికి మించి ఇరుకైన రోగులకు శస్త్రచికిత్స మేలు చేస్తుందని 1991లో ఉత్తర అమెరికా పరిశోధన నిరూపించింది.

అయితే ఈ కొలమానానికి ఒక పరిమితి ఉన్నదని 1987లో సీమోర్ గ్లాగోవ్ బృందం చూపింది. 136 హృదయాలలోని ఎడమ ప్రధాన హృదయధమనిని పరిశీలించినప్పుడు, ఫలకం పెరిగేకొద్దీ ధమని కూడా వెలుపలికి విస్తరిస్తున్నదని తేలింది. గోడ లోపలి సాగుపొర చుట్టిన వైశాల్యంలో సుమారు 40 శాతాన్ని ఫలకం ఆక్రమించేవరకు రక్తమార్గం చెప్పుకోదగినంతగా తగ్గకపోవచ్చు. అంటే ఆంజియోగ్రామ్ ‘సాధారణం’ అని వచ్చినా గోడలో వ్యాధి లేదని నిర్ధారించలేము.

గోడనే కొలిచే ప్రయత్నాలు కూడా ఆ కాలంలోనే ఫలించాయి. 1986లో ఇటలీకి చెందిన పిన్యోలి బృందం కంఠధమని, బృహద్ధమని గోడల లోపలి, మధ్య పొరల ఉమ్మడి మందాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి, శవపరీక్ష నమూనాలతో సరిపోల్చింది. 1994లో ఫ్రాన్స్‌లో అమరెంకో బృందం అన్నవాహిక గుండా పంపిన అల్ట్రాసౌండ్ సాధనంతో బృహద్ధమని వంపును పరీక్షించింది. 4 మిల్లీమీటర్లు, అంతకు మించిన మందంగల ఫలకాలు పక్షవాత రోగులలో 14.4 శాతం మందికీ, ఆ వ్యాధి లేని వారిలో 2 శాతం మందికీ కనిపించాయి. స్పష్టమైన కారణం దొరకని పక్షవాత రోగులలో ఈ నిష్పత్తి 28.2 శాతం. అంతవరకు ‘కారణం తెలియనివి’గా నమోదైన కేసులలో కొన్నింటికి బృహద్ధమని గోడలోనే మూలం ఉండవచ్చునని దీనివల్ల స్పష్టమైంది.

తరువాత అయస్కాంత అనునాద చిత్రణ ఫలకంలోని కొవ్వునూ, రక్తస్రావాన్నీ, పైనున్న నారపొరనూ వేరుచేసి చూపగలిగింది. దీనితో మార్గం ఎంత ఇరుకైందన్న ప్రశ్నకు, ఫలకం ఏ స్వభావం కలది అన్న ప్రశ్న తోడైంది. ఈ చరిత్రలో సాధనాలు మారినప్పుడల్లా ‘సాధారణం’ అనే మాటకు హద్దులు కూడా మారాయి. కాబట్టి పాత వైద్యనివేదికలను ఆధారాలుగా స్వీకరించే పరిశోధకులు, నాటి సాధనం దేనిని చూపగలిగిందో ముందుగా నిర్ణయించుకోవడం అవసరం.