అమెరికన్ స్కూల్ ఆఫ్ ఆస్టియోపతి

అమెరికన్ స్కూల్ ఆఫ్ ఆస్టియోపతి అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మిస్సోరి రాష్ట్రంలో, కిర్క్స్‌విల్ పట్టణంలో 1892లో స్థాపించబడిన వైద్య విద్యాసంస్థ. ఆస్టియోపతి వైద్యాన్ని బోధించిన మొట్టమొదటి పాఠశాల ఇదే. దీని స్థాపకుడు ఆండ్రూ టేలర్ స్టిల్ (1828 - 1917). ప్రస్తుతం ఇది ఎ.టి. స్టిల్ విశ్వవిద్యాలయంలో భాగంగా, కిర్క్స్‌విల్ కాలేజ్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్ అనే పేరుతో కొనసాగుతున్నది. మందుల వాడకాన్ని నిరసిస్తూ పుట్టిన ఈ పాఠశాల కాలక్రమేణా ఆధునిక ఔషధశాస్త్రాన్ని తన పాఠ్యప్రణాళికలో చేర్చుకున్నది. అయినప్పటికీ ఎం.డి. పట్టాకు మారకుండా, తాను ప్రారంభించిన డి.ఓ. పట్టాను నేటికీ నిలుపుకున్నది.

నేపథ్యం

స్టిల్ 1828 ఆగస్టు 6న వర్జీనియా రాష్ట్రంలోని లీ కౌంటీలో జన్మించాడు. ఆయన తండ్రి అబ్రామ్ స్టిల్ మెథడిస్టు మతబోధకుడు, వైద్యుడు కూడా. ఆ కాలంలో అమెరికా సరిహద్దు ప్రాంతాలలో చాలామంది వైద్యులు కళాశాలలో కాక, మరొక వైద్యుని వద్ద శిష్యరికం చేసి వృత్తి నేర్చుకొనేవారు. స్టిల్ కూడా తండ్రి వద్దనే వైద్యం అభ్యసించాడు. అమెరికా అంతర్యుద్ధంలో ఆయన ఉత్తరాది పక్షాన కాన్సస్ దళాలలో పనిచేశాడు.

1864లో వచ్చిన మెనింజైటిస్ వ్యాధికి స్టిల్ ఇంటిలోని ముగ్గురు పిల్లలు బలయ్యారు. వారిలో ఒకరు పెంపుడు సంతానం. అందుబాటులో ఉన్న వైద్యమేదీ వారిని కాపాడలేకపోయింది. రక్తం తీయడం, పాదరస లవణమైన కాలోమెల్‌తో విరేచనాలు చేయించడం, నల్లమందు, సారాయి కలిసిన ద్రావకాలు ఇవ్వడం అప్పటి చికిత్సలలో సర్వసాధారణం. ఇటువంటి చికిత్సల వలన మేలు కంటె కీడే ఎక్కువగా జరుగుతున్నదని స్టిల్ క్రమంగా నమ్మసాగాడు. ఎముకలను, కండరాలను, నాడులను, రక్తనాళాలను స్వయంగా పరిశీలిస్తూ ప్రత్యామ్నాయ మార్గం కోసం అన్వేషించాడు.

శరీరానికి తనను తాను బాగుచేసుకొనే శక్తి సహజంగా ఉన్నదని, కీళ్ళు, ముఖ్యంగా వెన్నుపూసలు తమ స్థానం తప్పినప్పుడు రక్తప్రసరణకూ నాడుల పనికీ ఆటంకం కలిగి వ్యాధులు వస్తాయని ఆయన సిద్ధాంతీకరించాడు. చేతులతో తడిమి ఆ లోపాన్ని కనుగొని, చేతులతోనే సరిచేయడం ఆయన పద్ధతి. ఈ ఆలోచన తనకు 1874 జూన్ 22న స్పష్టమైనదని ఆయన చెప్పుకున్నాడు. దీనికి ఆయన పెట్టిన ఆస్టియోపతి అనే పేరు గ్రీకు భాషలో ఎముక, బాధ అనే అర్థాలున్న పదాల నుండి వచ్చింది.

కాన్సస్‌లోని బేకర్ విశ్వవిద్యాలయ స్థాపనకు స్టిల్ కుటుంబం తోడ్పడింది. అయినను, అక్కడ తన సిద్ధాంతాన్ని వివరించడానికి ఆయనకు అనుమతి లభించలేదు. తరువాత స్టిల్ మిస్సోరికి వచ్చి కిర్క్స్‌విల్‌లో స్థిరపడ్డాడు. చాలా సంవత్సరాలు ఊరూరా తిరుగుతూ వైద్యం చేశాడు. ఎముకలు సరిచేసే వైద్యునిగా పేరు వచ్చిన తరువాత రోగులే ఆయనను వెదుక్కుంటూ కిర్క్స్‌విల్‌కు రాసాగారు.

స్థాపన

రోగుల సంఖ్య పెరిగి ఒక్కడి వల్ల కాకపోవడంతో, తన పద్ధతిని ఇతరులకు నేర్పాలని స్టిల్ నిశ్చయించాడు. 1892లో పాఠశాలకు రాష్ట్రప్రభుత్వపు అధికారపత్రం లభించింది. రెండు గదుల చిన్న చెక్క కట్టడంలో తరగతులు మొదలయ్యాయి. మొదటి జట్టులో ఇరవై మందికి అటూ ఇటూగా విద్యార్థులు ఉన్నారు. స్టిల్ సంతానంలో కొందరు కూడా వారిలో ఉన్నారు. అనేక వైద్య కళాశాలలు స్త్రీలకు ప్రవేశం నిరాకరిస్తున్న ఆ రోజులలో ఈ పాఠశాల ప్రారంభం నుండీ స్త్రీలను చేర్చుకున్నది.

శరీర నిర్మాణ శాస్త్రాన్ని బోధించిన విలియం స్మిత్ స్కాట్లండు దేశస్థుడు, ఎడింబరోలో చదివిన వైద్యుడు. శస్త్రచికిత్స పరికరాల విక్రేతగా కిర్క్స్‌విల్‌కు వచ్చిన ఆయన, అక్కడి వైద్యులు స్టిల్‌ను తూలనాడుతుండగా విని కుతూహలంతో ఆయనను కలిశాడు. స్టిల్ వద్ద ఆస్టియోపతి నేర్చుకొనేందుకు, బదులుగా విద్యార్థులకు శరీర నిర్మాణ శాస్త్రం చెప్పేందుకు ఇద్దరి మధ్య ఒప్పందం కుదిరింది.

1894లో పొందిన కొత్త అధికారపత్రం ప్రకారం పాఠశాలకు ఎం.డి. పట్టా ఇచ్చే హక్కు ఉన్నది. కాని తన విద్యార్థులు పాత వైద్యంలో కలిసిపోతారని భావించిన స్టిల్ ఆ హక్కును వాడుకోలేదు. దానికి బదులు డి.ఓ. అనే వేరు పట్టానే ఇచ్చాడు. ఆ పత్రంలో పాఠశాల ఉద్దేశ్యంగా శస్త్రచికిత్స, ప్రసూతి శాస్త్రం, రోగ చికిత్సలను మెరుగుపరచడాన్ని పేర్కొన్నారు. అనగా స్టిల్ వ్యతిరేకించినది వైద్యశాస్త్రాన్ని కాదు, ఆనాటి మందులను. శస్త్రచికిత్స, ప్రసూతి శాస్త్రం మొదటి నుండీ ఆయన దృష్టిలో వైద్యంలో భాగాలే.

విస్తరణ, చట్టపరమైన గుర్తింపు

1895లో పాఠశాలకు అనుబంధంగా ఆసుపత్రి భవనం ప్రారంభమైనది. దూరప్రాంతాల నుండి రోగులు రైళ్ళలో రావడంతో చిన్న వ్యవసాయ పట్టణమైన కిర్క్స్‌విల్‌లో హోటళ్ళు, బస గృహాలు పెరిగాయి. విద్యార్థుల సంఖ్య కూడా కొద్ది సంవత్సరాలలోనే వందలకు చేరింది.

పట్టభద్రులు చట్టబద్ధంగా వైద్యం చేయడానికి రాష్ట్రాల అనుమతి అవసరమైనది. మిస్సోరి శాసనసభ 1895లో ఆమోదించిన బిల్లును గవర్నరు విలియం స్టోన్ తిరస్కరించాడు. ఈలోగా 1896లో వెర్మాంట్ ఆస్టియోపతిని గుర్తించిన మొదటి రాష్ట్రమైనది. 1897లో గవర్నరు లాన్ స్టీఫెన్స్ సంతకంతో మిస్సోరిలో కూడా చట్టం వచ్చింది. అదే సంవత్సరం కిర్క్స్‌విల్ విద్యార్థులు, పట్టభద్రులు కలిసి ఒక సంఘాన్ని ఏర్పాటు చేశారు. అది 1901 నుండి అమెరికన్ ఆస్టియోపతిక్ అసోసియేషన్ అనే పేరుతో ఉన్నది. న్యూయార్క్ రాష్ట్రంలో ఇదే విషయమై 1901లో విచారణ జరిగినప్పుడు ప్రసిద్ధ రచయిత మార్క్ ట్వేన్ ఆస్టియోపతి పక్షాన మాట్లాడాడు.

ఇక్కడ చదివినవారు ఇతర నగరాలలో కొత్త పాఠశాలలు స్థాపించారు. వారిలో జాన్ మార్టిన్ లిటిల్‌జాన్ ముఖ్యుడు. ఆయన సోదరులతో కలిసి 1900లో షికాగోలో కళాశాలను, తరువాత 1917లో లండన్‌లో బ్రిటిష్ స్కూల్ ఆఫ్ ఆస్టియోపతిని ఏర్పాటు చేశాడు.

విమర్శలు, సంస్కరణలు

అమెరికాలోని వైద్య కళాశాలలను పరిశీలించి అబ్రహాం ఫ్లెక్స్‌నర్ 1910లో వెలువరించిన నివేదిక ఆస్టియోపతి పాఠశాలలను కూడా తీవ్రంగా విమర్శించింది. విద్యార్థుల సంఖ్యకు తగిన అధ్యాపకులు, ప్రయోగశాలలు, ఆసుపత్రి సౌకర్యాలు లేవని, ఇవి వ్యాపార ధోరణిలో నడుస్తున్నాయని అందులో పేర్కొన్నారు. ఈ నివేదిక అనంతరం ఎం.డి. కళాశాలలు అనేకం మూతపడ్డాయి. ఆస్టియోపతి పాఠశాలలు కూడా చదువు కాలాన్ని పెంచి ప్రమాణాలను మార్చుకోక తప్పలేదు. 1916 నాటికి నాలుగేళ్ళ చదువు తప్పనిసరి అయినది.

సంస్థలోపల కూడా వాదవివాదాలు నడిచాయి. చేతి చికిత్సకు మాత్రమే కట్టుబడాలని ఒక వర్గం, అందుబాటులో ఉన్న అన్ని చికిత్సలనూ వాడాలని మరొక వర్గం పట్టుబట్టాయి. 1917 డిసెంబరు 12న స్టిల్ మరణించాడు. యాంటీటాక్సిన్లు, మత్తుమందులు, క్రిమిసంహారకాలు వంటివి నిజంగా పనిచేస్తున్నాయని రుజువైన కొద్దీ రెండవ వర్గం బలపడింది. 1920ల చివరికి ఆస్టియోపతి కళాశాలలలో ఔషధశాస్త్ర బోధనకు అనుమతి లభించింది.

స్టిల్ అల్లుడైన జార్జ్ లాఫ్లిన్ 1922లో కిర్క్స్‌విల్‌లోనే మరొక కళాశాల స్థాపించాడు. కొద్ది సంవత్సరాలకే పాత పాఠశాల అందులో విలీనమై, కిర్క్స్‌విల్ కాలేజ్ ఆఫ్ ఆస్టియోపతి అండ్ సర్జరీగా మారింది. ఇక్కడ స్టెడ్‌మన్ డెన్‌స్లో, 1945లో చేరిన శరీరధర్మ శాస్త్రవేత్త అర్విన్ కోర్ వెన్నుపాము, కండరాల మధ్య సంబంధాలపై ప్రయోగాత్మక పరిశోధనలు చేశారు. స్టిల్ అనుభవంతో చెప్పినదానిని ప్రయోగశాలలో పరీక్షించే ప్రయత్నం ఇది.

సమాన హోదా

రెండవ ప్రపంచ యుద్ధంలో డి.ఓ.లను అమెరికా సైన్యం వైద్యాధికారులుగా తీసుకోలేదు. ఎం.డి. వైద్యులు యుద్ధానికి వెళ్ళడంతో స్వదేశంలో మిగిలిన డి.ఓ.ల వద్దకు రోగులు రావడం పెరిగింది. ఆ విధంగా ఈ తిరస్కారమే వారి వృత్తికి మేలు చేసింది. 1966లో సైన్యం వారికి వైద్యాధికారులుగా అవకాశం కల్పించింది. 1973 నాటికి అన్ని రాష్ట్రాలలోనూ వారికి పూర్తి వైద్య అనుమతులు లభించాయి.

ఈ మధ్యకాలంలో ఆస్టియోపతికి పెద్ద గండం ఎదురైనది. 1962లో కాలిఫోర్నియాలో సుమారు 2,000 మంది డి.ఓ.లు ఎం.డి. పట్టాకు మారారు. అక్కడి ఆస్టియోపతి కళాశాల కూడా ఎం.డి. కళాశాల అయినది. దేశంలో ఐదు ఆస్టియోపతి కళాశాలలు మాత్రమే మిగిలాయి. వాటిలో కిర్క్స్‌విల్ ఒకటి. ఈ వృత్తి ఎం.డి.లలో కలిసిపోవడం ఖాయమని పలువురు భావించినను, మిగిలిన కళాశాలలు అందుకు అంగీకరించలేదు.

విశ్వవిద్యాలయ దశ

1971లో కళాశాల తన ప్రస్తుత పేరును స్వీకరించింది. 1995లో అరిజోనాలో ఆరోగ్యశాస్త్రాల విభాగం ఏర్పడింది. 2001లో మొత్తం సంస్థకు ఎ.టి. స్టిల్ విశ్వవిద్యాలయం అనే పేరు వచ్చింది. 2003లో అరిజోనాలో దంతవైద్య కళాశాల, 2007లో అదే రాష్ట్రంలోని మీసా నగరంలో రెండవ ఆస్టియోపతి వైద్య కళాశాల, 2013లో కిర్క్స్‌విల్‌లో మరొక దంతవైద్య కళాశాల మొదలయ్యాయి. మీసా కళాశాల విద్యార్థులు రెండవ సంవత్సరం నుండి వివిధ రాష్ట్రాలలోని సామాజిక ఆరోగ్య కేంద్రాలలో పేద రోగుల మధ్య శిక్షణ పొందుతారు.

నేడు అమెరికాలో 40కి పైగా ఆస్టియోపతి వైద్య కళాశాలలు ఉన్నాయి. దేశంలోని వైద్య విద్యార్థులలో నాలుగవ వంతు కంటె ఎక్కువమంది వీటిలోనే చదువుతున్నారు. 2020 నుండి ఎం.డి., డి.ఓ. పట్టభద్రుల రెసిడెన్సీ శిక్షణ ఒకే గుర్తింపు వ్యవస్థ క్రిందికి వచ్చింది. డి.ఓ. విద్యార్థులు వైద్యశాస్త్రంతో పాటు చేతి చికిత్సను అదనంగా నేర్చుకుంటారు. అయితే పట్టా పొందిన తరువాత దానిని తరచుగా ఉపయోగించేవారు కొద్దిమందే. నడుమునొప్పి వంటి సమస్యలలో ఈ చికిత్స ఉపయోగపడవచ్చునని కొన్ని అధ్యయనాలు సూచిస్తుండగా, వ్యాధులన్నింటికీ వెన్నుపూసలే మూలమనే పాత సిద్ధాంతానికి శాస్త్రీయ ఆధారాలు లేవు.

అమెరికాలోని డి.ఓ.లకూ, ఇతర దేశాలలోని ఆస్టియోపత్‌లకూ తేడా ఉన్నది. అమెరికాలో డి.ఓ. పట్టభద్రులు మందులు వ్రాయడానికి, శస్త్రచికిత్సలు చేయడానికి అనుమతి గల పూర్తిస్థాయి వైద్యులు. బ్రిటన్ వంటి దేశాలలో ఆస్టియోపత్‌లు ప్రధానంగా చేతి చికిత్సకు పరిమితమైనవారు. రెండు సంప్రదాయాలూ కిర్క్స్‌విల్ నుండే బయలుదేరినను, మందులను పాఠ్యాంశంగా స్వీకరించడంతో అమెరికా శాఖ వేరు దారి పట్టింది.

మొదటి తరగతులు జరిగిన రెండు గదుల కట్టడాన్ని, స్టిల్ జన్మించిన దుంగల ఇంటిని కిర్క్స్‌విల్‌లోని ఆస్టియోపతిక్ వైద్య ప్రదర్శనశాలలో భద్రపరచారు.