బెరియా ఇటుక బట్టీ

అమెరికాలో కెంటకీ రాష్ట్రపు కొండలు మొదలయ్యే చోట బెరియా అనే చిన్న ఊరుంది. ఆ ఊరి కాలేజీలో 1920లో మొదలైన చీపుర్ల కార్ఖానా ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ వాడే సరుకు జొన్నలోనే ఒక రకం. దాన్ని గింజ కోసం కాదు, కంకికి గుర్రం తోకలా వచ్చే పొడవాటి ఈనెల కోసం పండిస్తారు. ఈనెల్ని తడిపి, మెత్తబడ్డాక కర్ర చుట్టూ పేర్చి, తీగతో బిగించి చుడతారు. తర్వాత పలకలా అదిమి దారంతో కుట్లు వేస్తారు. తీగ వదులైందా, ఊడవడం మొదలుపెట్టగానే ఈనెలు రాలతాయి. ఇంత ఒడుపుగా కట్టేది పొద్దున క్లాసులో చరిత్రో రసాయనశాస్త్రమో విని వచ్చిన పిల్లలు.

చీపుర్లు వద్దనుకుంటే మగ్గముంది, వడ్రంగముంది, వంటగది ఉంది, ఆఫీసు పనీ ఉంది. ఏదో ఒకటి మాత్రం వారానికి కనీసం 10 గంటలు అందరూ చేయాల్సిందే. చదువులాగే పనినీ చూసి లెక్క కడతారు. 1892 నుంచి ఈ కాలేజీ ట్యూషన్ ఫీజు తీసుకోలేదు.

ఈ కాలేజీని మొదలుపెట్టిన జాన్ ఫీ అనే పాస్టరు బానిసల యజమాని కొడుకు. బానిసత్వం పాపమని ఊరూరా చెప్పినందుకు తండ్రి ఆస్తి ఇవ్వకుండా వెళ్లగొట్టాడు. కాసియస్ క్లే అనే భూస్వామి పిలిచి స్థలమిచ్చాడు. (బాక్సర్ మహమ్మద్ అలీకి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఈయన పేరే.) 1855లో అక్కడ ఒంటిగది బడి లేచింది. ఆదివారం అదే గుడి. చెప్పింది నిజమో కాదో లేఖనాలు విప్పి చూసుకున్నారని బైబిల్లో పేరున్న పట్టణం బెరయ. ఆ పేరే ఊరికి పెట్టారు. ఏ ఒక్క చర్చి శాఖకూ బడి కట్టుబడి ఉండకూడదని ఫీ పట్టుదల.

నాలుగేళ్లకే అంతా చెదిరిపోయింది. 1859లో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారంపై బానిసత్వ వ్యతిరేకి జాన్ బ్రౌన్ చేసిన దాడితో బానిస యజమానుల్లో భయం పుట్టింది. డిసెంబరులో ఆయుధాలు పట్టుకొచ్చిన గుంపు, బడి నడిపేవాళ్లను పది రోజుల్లో ఊరు ఖాళీ చేయమంది. వెళ్లిపోయారు.

అంతర్యుద్ధం ముగిశాక తిరిగొచ్చి బడి తెరిచారు. 1866-67లో చేరినవాళ్లు 187 మంది. వాళ్లలో నల్లవాళ్లు 96, తెల్లవాళ్లు 91. నిన్నమొన్నటిదాకా మనుషుల్ని వేలం వేసిన రాష్ట్రంలో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. పని చేసి చదువుకునే పద్ధతిని పేదపిల్లల సౌకర్యంగా మాత్రమే చూస్తే దాని బరువు సగమే తెలుస్తుంది. ఒళ్లు వంచడం బానిసల వంతు అనుకున్న నేల మీద అందరి చేతికీ పార ఇవ్వడం చిన్న విషయం కాదు.

1892లో వచ్చిన అధ్యక్షుడు విలియం ఫ్రాస్ట్ దృష్టి అపలాచియన్ కొండల్లోని పేద తెల్లవాళ్ల మీద పడింది. కొండ ఇళ్లలో ఆడవాళ్లు నేసిన దుప్పట్లను పిల్లల చదువు ఖర్చు కింద జమకట్టుకుని, ఉత్తరాది ధనవంతులకు చూపించాడు. చందాలు వచ్చాయి. 1911లో స్వీడన్ నేతగత్తె అన్నా ఎర్న్‌బెర్గ్ వచ్చి నేత విభాగాన్ని చేపట్టింది. ఆ దుప్పట్లు అందమైనవే, సందేహం లేదు. కానీ వాటితోపాటు అమాయకపు కొండజనం అనే బొమ్మ కూడా అమ్ముడుపోయింది. 1899లో ఒక పత్రికలో ఫ్రాస్ట్ వాళ్లను మన కాలంలో బతుకుతున్న పూర్వీకులన్నాడు. తెల్లవాళ్లు పెరిగేకొద్దీ తరగతుల్లో నల్లపిల్లల వాటా పలచబడింది.

మిగిలిన పని 1904లో డే చట్టం చేసింది. కార్ల్ డే అనే శాసనసభ్యుడు తెచ్చిన ఈ చట్టం ప్రకారం రెండు జాతులనూ కలిపి చదివిస్తే జరిమానా. కాలేజీ సుప్రీంకోర్టుదాకా పోరాడి 1908లో ఓడిపోయింది. కాలేజీ స్థాపనకు అనుమతి (చార్టర్) ఇచ్చిన రాష్ట్రానికి దాన్ని మార్చే హక్కూ ఉందని కోర్టు తప్పుకుంది. గట్టిగా విభేదించిన న్యాయమూర్తి హార్లాన్ కెంటకీవాడే. నల్ల విద్యార్థులు ఫిస్క్ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల చదవడానికి బెరియా సాయం చేసింది. తర్వాత వాళ్ల కోసం విడిగా లింకన్ ఇన్‌స్టిట్యూట్ తెరిపించింది. నల్లవారి చరిత్ర రచనకు పునాది వేసిన కార్టర్ వుడ్‌సన్ అదృష్టవశాత్తు 1903లోనే ఇక్కడ పట్టా పుచ్చుకున్నాడు.

ఆ కేసు నడుస్తుండగానే 1906లో పూర్తయిన ఫెల్ప్స్ స్టోక్స్ చాపెల్‌ను విద్యార్థులే కట్టాలని డబ్బిచ్చిన ఒలీవియా స్టోక్స్ కోరింది. వాళ్లే ఇటుకలు కాల్చారు. అతిథుల కోసం కట్టిన బూన్ టావెర్న్ హోటల్‌కూ కాలేజీ బట్టీ ఇటుకలే. దాన్ని 1909లో తెరిచారు, తీర్పు వచ్చిన మరుసటి ఏడాది. ఒకప్పుడు సగానికి పైగా ఉన్న నల్లపిల్లల్లో అప్పటికి ఒక్కరూ ఆ ఊరి తరగతుల్లో లేరు.

1950లో చట్టం సడలగానే కాలేజీ మళ్లీ నల్లపిల్లలను చేర్చుకుంది. ఆ చట్టం వచ్చి అప్పటికి 46 ఏళ్లు గడిచాయి. బూన్ టావెర్న్‌లో ఇప్పటికీ విద్యార్థులు పనిచేస్తారు.