డిటెక్టరుకు చిక్కే బంగారం వేరు.. మన నేలలోని బంగారం వేరు

తుగ్గలి: తొలకరి జల్లు పడితే చాలు, జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి, వజ్రకరూరు పరిసర పొలాల్లో వజ్రాన్వేషకుల సందడి మొదలవుతుంది. దూర ప్రాంతాల నుంచి సైతం జనం తరలివచ్చి, చెట్ల కింద, గుడి అరుగులపై తలదాచుకుని, తెల్లవారింది మొదలు తలవంచుకుని చేలల్లో తిరుగుతారు. వజ్రాలతో పాటు బంగారు నిక్షేపాలూ ఉన్న ప్రాంతం కావడంతో, ఒక మెటల్ డిటెక్టరు కొనుక్కుంటే దశ తిరుగుతుందన్న ఆశ యువకుల్లో పుట్టడం సహజమే. ఆస్ట్రేలియాలో ఒక సామాన్యుడు ఆ యంత్రంతో 27 కిలోల బంగారు గడ్డను వెలికితీసిన మాట అబద్ధమేమీ కాదు. అయితే ఆ గడ్డ దొరికిన నేలకూ, జొన్నగిరి నేలకూ ఉన్న భేదం తెలియక అప్పు చేసి యంత్రం కొన్నవారికి మిగిలేది తుప్పు మేకులే.

వజ్రాల కోసం డిటెక్టరు కొనదలచినవారు ఆ ఆలోచన ఆదిలోనే మానుకోవడం మేలు. వజ్రం లోహం కాదు, కర్బనం. విద్యుత్తును ప్రసరింపనీయదు. ఎంత ఖరీదైన డిటెక్టరైనా వజ్రం మీదుగా మూగగా సాగిపోతుంది.

అంగుళం లోతున 72 కిలోలు

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1851లో బంగారం బయల్పడగానే బల్లారట్, బెండిగో ప్రాంతాలకు దేశదేశాల నుంచి జనం పోటెత్తారు. పలుగు, పార, నీటి తట్ట తప్ప వేరే సాధనం లేని రోజులవి. 1869 ఫిబ్రవరి 5న మోలియాగుల్ సమీపంలో జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరికి చెట్టు వేళ్ల వద్ద, నేలకు సుమారు అంగుళం లోతున ఒక గడ్డ తగిలింది. అదే తరువాత ‘వెల్‌కమ్ స్ట్రేంజర్’గా ప్రసిద్ధికెక్కింది. అందులో శుద్ధ బంగారమే దాదాపు 72 కిలోలు. డనోలీ పట్టణంలో దానిని తూచగల త్రాసు లేక, కమ్మరి దాగలిపై ముక్కలు చేసి తూచవలసి వచ్చింది. విడి గడ్డల్లో దానిని మించినది నేటి వరకు లేదు.

ఆనాటి వారు వెదికి వదిలేసిన ఆ నేలల్లోనే శతాబ్దం తరువాత డిటెక్టర్లతో రెండో వేట మొదలైంది. 1980లో కింగోవర్ అనే పల్లె వద్ద కెవిన్ హిల్లియర్ అనే వ్యక్తికి అడుగు లోతున 27.2 కిలోల గడ్డ దొరికింది. ‘హ్యాండ్ ఆఫ్ ఫెయిత్’ అని పేరుపెట్టిన ఆ గడ్డను అమెరికాలోని లాస్‌వేగాస్‌కు చెందిన గోల్డెన్ నగ్గెట్ కాసినో 10 లక్షల డాలర్లకు పైగా చెల్లించి కొనుగోలు చేసింది. డిటెక్టరుతో దొరికిన గడ్డల్లో పెద్దదిగా దీనినే చెబుతారు. 1989లో మెక్సికోలోని సొనోరా ఎడారిలో 12 కిలోల మరో గడ్డ ఇలాగే చిక్కింది. బూటు ఆకారంలో ఉండటంతో దానికి ‘బూట్ ఆఫ్ కోర్టెజ్’ అని పేరు వచ్చింది. 2023లో విక్టోరియాలోనే ఒక అన్వేషకుడు మట్టి పట్టిన 4.6 కిలోల రాయిని దుకాణానికి తీసుకురాగా, అందులో 2.6 కిలోల బంగారం ఉన్నట్లు తేలింది. విలువ 2.40 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. అతడు వాడినది అగ్రశ్రేణి యంత్రమేమీ కాకపోవడం విశేషం.

వార్తలకెక్కేవి ఇటువంటి గడ్డలే. రోజంతా తిరిగి ఒక గ్రాముకు తక్కువైన పలుకులతోనో, వట్టి చేతులతోనో ఇంటిముఖం పట్టేవారి గురించి పత్రికలు రాయవు. అక్కడ అనేకులకు ఇది సెలవురోజు కాలక్షేపమే తప్ప జీవనోపాధి కాదు.

యంత్రం చేసే పని ఇదీ

డిటెక్టరు చివర పళ్లెంలా కనిపించే భాగంలో రాగి తీగ చుట్ట ఉంటుంది. దానిలో ప్రవహించే విద్యుత్తు నేలలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. ఆ క్షేత్రంలో లోహం ఉంటే దానిలో సుడి ప్రవాహాలు పుట్టి, ప్రతిగా చిన్న క్షేత్రాన్ని వెలువరిస్తాయి. ఆ ప్రతిస్పందననే యంత్రం శబ్దంగా మార్చి చెవిలో వినిపిస్తుంది. దానికి బంగారమని, ఇనుమని తెలియదు. విద్యుత్తు ప్రవహించే వస్తువు ఉన్నదన్నంత వరకే చెప్పగలదు. లోహాన్ని బట్టి శబ్దంలో, అంకెలో కొంత తేడా చూపే యంత్రాలున్నా, అల్యూమినియం రేకు, సీసపు గుండు, చిన్న బంగారు పలుకు దాదాపు ఒకే రీతిగా పలుకుతాయి. తవ్వి చూస్తే తప్ప తేలదు.

చిక్కు నేలతోనే వస్తుంది. ఎర్రమట్టిలోని ఇనుప ఖనిజాలు కూడా ఆ క్షేత్రానికి స్పందిస్తాయి. సాధారణ డిటెక్టరు అటువంటి నేలపై అడుగడుగునా అరుస్తుంది. అందుకే క్షేత్రాన్ని ఎడతెగకుండా కాక తునకలు తునకలుగా పంపి, నడుమ విరామంలో ప్రతిస్పందనను వినే ‘పల్స్ ఇండక్షన్’ విధానం వచ్చింది. దక్షిణ ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉన్న మైన్‌ల్యాబ్ సంస్థ బ్రూస్ కాండీ పరిశోధనలతో 1990 దశకంలో తెచ్చిన యంత్రాలు ఎర్రనేలలపై బంగారు వేటను కొత్త దారి పట్టించాయి. ఇటువంటి యంత్రాల ధర మన రూపాయల్లో లక్షల్లో ఉంటుంది.

ఇక లోతు విషయం. పళ్లెం వ్యాసాన్ని మించిన లోతున్న చిన్న వస్తువు మరో రెండింతల దూరానికి పోతే, దాని సంకేతం సుమారు అరవై నాలుగో వంతుకు పడిపోతుంది. బియ్యపు గింజంత బంగారం కొద్ది అంగుళాల వరకే వినిపిస్తుంది. మంచి యంత్రానికి పెద్ద గడ్డలైతే రెండు మూడు అడుగుల లోతు వరకు అందవచ్చు. అర కిలోమీటరు దూరంలోని బంగారాన్ని చూపుతాయంటూ రెండు కడ్డీల పరికరాలు అమ్మేవారు చెప్పే మాటకు భౌతికశాస్త్రంలో ఆధారం లేదు. చేతి వణుకుకు తిరిగే కడ్డీలవి.

మనకు గడ్డలెందుకు దొరకవు?

విక్టోరియాలో పలుగురాతి చారల్లో ముద్దగా పేరుకున్న బంగారం లక్షల ఏళ్ల ఎండకు, వానకు రాయి శిథిలం కాగా విడివడి, వాగుల్లో, పైమట్టిలో గడ్డలుగా నిలిచిపోయింది. పలుగురాయికి భూకంపాల ఒత్తిడిలో విద్యుదావేశం పుట్టే గుణముందని, అది ద్రవాల్లో కరిగిన బంగారాన్ని ఒకే చోటకు ఆకర్షించి గడ్డలు కట్టిస్తుండవచ్చని 2024లో అక్కడి మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రతిపాదించారు.

మన బంగారం సంగతి వేరు. జొన్నగిరి, రామగిరి, చిత్తూరు జిల్లాలోని చిగర్‌గుంట, కర్ణాటకలోని కోలారు, హట్టి.. ఇవన్నీ ధార్వార్ కాలపు అతి ప్రాచీన శిలల పట్టీలు. వీటిలో బంగారం అధికభాగం కంటికి ఆనని రేణువులుగా పలుగురాతిలో, గంధకపు ఖనిజాల్లో చిక్కుకుని ఉంటుంది. టన్ను రాయిని పిండి చేసి, రసాయనాలతో కడిగితే వచ్చేది కొద్ది గ్రాములు. ఆ రేణువులకు డిటెక్టరు పలకదు. కోలారులో బంగారం కోసం మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగవలసి వచ్చింది. ఖర్చుకు రాబడి చాలక భారత్ గోల్డ్ మైన్స్ 2001లో ఆ గనులను మూసివేసింది. నేటి శ్రీసత్యసాయి జిల్లాలోని రామగిరిలోనూ ఆ సంస్థ గని తవ్వకాలు ఆగిపోయాయి.

బంగారం ఇక్కడ లేదని కాదు. అశోకుని శాసనాలున్న ఎర్రగుడి జొన్నగిరికి చేరువనే ఉంది. మౌర్యుల దక్షిణ రాజధాని సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. రామగిరి ప్రాంతంలో పూర్వులు తవ్విన గుంతల ఆనవాళ్లు ఉన్నాయి. వాగు ఇసుకను కడిగి బంగారు రేణువులు ఏరే వృత్తివారిని తెలుగులో జలగడుగువారని పిలిచేవారు. వారు ఏరినదీ రేణువులనే. తట్టకు దొరికిన ఆ పొడి యంత్రానికి దొరకదు. జొన్నగిరి చేలల్లో డిటెక్టరు మోగితే, అది నాగటి కర్రు ముక్కో, ఎద్దు నాడానో, సీసా మూతో అయి ఉండే అవకాశమే మెండు.

చట్టం ఏమంటోంది?

విక్టోరియాలో ‘మైనర్స్ రైట్’ అనే అనుమతి పత్రం స్వల్ప రుసుముకే లభిస్తుంది. పదేళ్లు చెల్లుతుంది. చేతి పనిముట్లే వాడాలి, తవ్విన గుంత పూడ్చాలి, ప్రైవేటు భూమైతే యజమాని సమ్మతి ఉండాలి. దొరికిన బంగారం దొరికినవారిదే.

మన దేశంలో అటువంటి సదుపాయం లేదు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం అనుమతి లేనిదే ఖనిజాన్వేషణ గానీ, తవ్వకం గానీ చేయరాదు. సొంత పొలమైనా ఇదే నిబంధన. అతిక్రమిస్తే అయిదేళ్ల వరకు జైలు, హెక్టారుకు రూ.5 లక్షల వరకు జరిమానా విధించే వీలుంది.

నేలలో ఎవరో దాచిన నాణేలు, నగలు బయటపడితే వర్తించేది మరో చట్టం. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటిన ఏ నిధినైనా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచితే ఏడాది వరకు జైలు. సొంతదారు ఎవరూ తేలని పక్షంలో, వేరే ఒప్పందం లేకుంటే దొరికినవారికి మూడొంతులు, భూ యజమానికి నాలుగో వంతు చెందుతుంది. ఈ సంగతి తెలియక నగలను రాత్రికి రాత్రి కరిగించి తక్కువ ధరకు అమ్ముకుని, ఆపై పోలీసుల చేతికి చిక్కేవారు న్యాయంగా రావలసిన వాటానూ పోగొట్టుకుంటున్నారు. గుప్తనిధుల పేరిట రక్షిత ఆలయాలు, కోటల వద్ద డిటెక్టర్లతో తిరిగి తవ్వేవారిపై పురావస్తు చట్టం కింద కేసులు అదనం.

సూడాన్‌లో మరో ముఖం

డిటెక్టరు నిజంగానే ఒక దేశం రూపు మార్చిన సందర్భమూ ఉంది. సూడాన్ ఎడారుల్లో 2009 తరువాత లక్షలాది మంది ఈ యంత్రాలతో బంగారం కోసం బయల్దేరారు. 2011లో దక్షిణ సూడాన్ విడిపోయి చమురు బావులు చాలావరకు చేజారడంతో బంగారమే ప్రధాన ఎగుమతి అయింది. పైమట్టిలోని పలుకులు అయిపోయాక జనం గోతులు తవ్వి, రాయి పిండి చేసి పాదరసంతో బంగారం తీయసాగారు. గోతులు కూలి, పాదరసపు ఆవిరి పీల్చి నష్టపోయినవారు కూలీలే. డార్ఫూర్‌లోని జెబెల్ ఆమెర్ గనుల కోసం 2013 జనవరిలో తెగల నడుమ చెలరేగిన ఘర్షణల్లో వేలాది కుటుంబాలు ఇళ్లు విడిచి పోయాయి.