టైంషేరు – పుట్టుపూర్వోత్తరాలు

మన కొత్తవలస నుంచి కిరండూల్‌కు రైలు మార్గం వేసిన 1960లలోనే ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ కొండల్లో టైంషేరు వ్యాపారం పుట్టింది. విడిది గదిని ఏటా అద్దెకు తీసుకునే బదులు ఏడాదికి ఒక వారం చొప్పున ముందే కొనేసుకోవడం దాని పద్ధతి. ఒకరి వారాన్ని మరొకరి వారంతో మార్చుకునేందుకు 1974లో అమెరికాలో ఆర్.సి.ఐ. సంస్థ వెలిసింది. మన దేశంలో 1986లో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా సంస్థలు మొదలయ్యాయి. తరువాత చిన్నాచితకా కంపెనీలు చాలా వచ్చాయి.

నేను చేరినది ఆ రెండింటిలోనూ కాదు. పేరు అనవసరం. 1997లో రిటైరైన కొత్తలో విశాఖపట్నంలో ఒక హోటలుకు దంపతులను పిలిచి, టిఫిను పెట్టి, సాయంత్రానికి సంతకం పెట్టించారు. గ్రాట్యుటీలోంచి అరవై వేలు ఇచ్చాను. "ఇది ఆస్తి సార్, ఎప్పుడైనా అమ్ముకోవచ్చు" అన్నారు. రెండుసార్లు వెళ్లివచ్చాం. ఆ తరువాత మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. వెళ్లినా వెళ్లకపోయినా నిర్వహణ బిల్లు మాత్రం ఏటా వచ్చేది, పెరుగుతూ వచ్చేది.

2005లో అమ్మకానికి పెట్టాను. మనకు అమ్మకమంటే తెలిసింది భూమి గదా! వచ్చిన ఒక్క బేరగాడూ "సర్వే నంబరెంతండీ? దస్తావేజు ఏదీ?" అన్నారు. అప్పుడు గాని ఒప్పందం పూర్తిగా చదవలేదు, నా బుద్ధి తక్కువ. నేను కొన్నది గదిలో వాటా కాదు, గదిని వాడుకునే లైసెన్సు మాత్రమే. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా ఉంటే తప్ప, లైసెన్సును సాధారణంగా ఇంకొకరికి బదలాయించరాదు. నా ఒప్పందం బదిలీకి ఒప్పుకుంది గాని, కంపెనీ అనుమతి కావాలి, బకాయిలు తీర్చాలి, బదిలీ రుసుము కట్టాలి. పైగా కంపెనీయే కొత్త సభ్యత్వాలు వాయిదాల మీద, బహుమతులతో అమ్ముతుంటే నా పాతది ఎవరికి కావాలి? కొన్నవాడికి ఆ ఏటేటా బిల్లు కూడా అంటుకుంటుంది.

ఇంతలో ఢిల్లీ నుంచని ఒక ఫోను. కొనేవారు సిద్ధంగా ఉన్నారట, ముందుగా పదిహేను వేలు పంపాలట. పంపబోతుంటే మా కోడలు అడ్డుకుంది. "మావయ్యగారూ, కొనేవాడుంటే అతనిచ్చే డబ్బులోంచే కమీషను కోసుకోమనండి." ఆ మాట చెప్పాక మళ్లీ ఫోను రాలేదు.

ఐరోపాలో 1994 నాటి నిబంధనలు కొన్నవారికి కనీసం 10 రోజుల్లో మనసు మార్చుకునే హక్కు ఇచ్చాయి. 2008లో దాన్ని 14 రోజులు చేసి, తిరిగి అమ్మిపెడతామనేవారు అమ్మకం పూర్తికాకుండా డబ్బు తీసుకోరాదన్నారు. మనకు ప్రత్యేక చట్టం లేదు. 1986 నాటి వినియోగదారుల చట్టం, దాని స్థానంలో వచ్చిన 2019 చట్టమే దిక్కు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. నాకు తెలిసేసరికి ఆ గడువు దాటిపోయింది.

చివరకు 2011లో సభ్యత్వం వదులుకుంటానని రిజిస్టరు పోస్టులో రాశాను. మూడు ఉత్తరాల తరువాత బకాయి నాలుగు వేలు కట్టించుకుని రద్దు పత్రం పంపారు. పైసా తిరిగి రాలేదు. ఆ ఉత్తరాల నకళ్లు నా దగ్గరున్నాయి. ఇలాంటి చిక్కులో ఉన్న సభ్య మిత్రులు ఎవరైనా వచ్చి తీసుకోవచ్చు.