కహౌ పక్షి: మూడు శతాబ్దుల అన్వేషణ

అట్లాంటిక్ మహాసముద్రమున, అమెరికా తూర్పు తీరమునకు సుమారు 1,000 కిలోమీటర్ల దూరములో బెర్ముడా దీవులు కలవు. 16వ శతాబ్దిలో ఆ దారిని పోవు నావికులు వానిని దయ్యాల దీవులని పిలుచుచుండిరి. రాత్రివేళ అక్కడినుండి వినవచ్చు వింత కేకలే ఆ భయమునకు కారణము. ఆ కేకలు దయ్యములవి కావు, కహౌ అను సముద్రపక్షులవి.

కహౌ పెట్రెల్ జాతి పక్షి. సముద్రముపై సంచరించుచు, గ్రుడ్డు పెట్టుటకు మాత్రమే నేలకు వచ్చును. చలికాలమున బొరియలో ఒక్కటే గ్రుడ్డు పెట్టును. గూటికి వచ్చుట, పోవుట అంతయు చీకటిలోనే. ఇట్టి పక్షికి నేలపై తిరుగు శత్రువులు లేనంతవరకే క్షేమము.

స్పెయిన్ నావికుల కాలమునుండి అక్కడ పందులు చేరి బొరియలను త్రవ్వివేసినవి. 1612లో ఆంగ్లేయులు వలస ఏర్పరచుకొనిరి. ఓడలతో ఎలుకలును వచ్చినవి. కొలది సంవత్సరములకే కరవు రాగా, ఆకలిగొన్న జనము చేతికి సులభముగా చిక్కు కహౌలను విపరీతముగా చంపి తినిరి. 1616లో గవర్నరు ఈ వధను నిషేధించెను గాని, అప్పటికే ఆలస్యమయ్యెను. కొన్ని ఏండ్లలో ఆ పక్షి కంటబడుట మానెను. అది నశించినదనియే లోకము తలచెను.

అయితే నిజముగా నశించినదా? దీనికి సమాధానము చిన్న చిన్న ఆధారముల రూపమున వచ్చెను. 1906లో లూయీ మౌబ్రే అను ప్రకృతి పరిశోధకునికి రాతి పగులులో సజీవమైన పెట్రెల్ ఒకటి దొరకెను. మొదట అది న్యూజిలాండు ప్రాంతమునుండి దారి తప్పి వచ్చిన పక్షి యని భావించిరి. 1916లో అది క్రొత్త జాతియని గుర్తించి, కహౌ పేరుతోనే శాస్త్రీయనామము నిచ్చిరి. గుహలలో దొరకిన ప్రాచీనాస్థులను గూర్చిన వివరణము కూడ ఆ సంవత్సరమే వెలువడెను. 1935లో దీపస్తంభమునకు తగిలి పడిన పిల్లపక్షి మరియొక సాక్ష్యము. పిల్ల ఉన్నదనిన గూడు ఉండవలెను గదా!

1951 జనవరిలో న్యూయార్కు మ్యూజియమునకు చెందిన రాబర్ట్ కుష్మన్ మర్ఫీ, పై మౌబ్రే కుమారుడు కలసి చిన్న రాతి దీవులను వెదకిరి. వారితో డేవిడ్ వింగేట్ అను 15 ఏండ్ల బాలుడును ఉండెను. లోతైన బిలములోని పక్షిని కఱ్ఱకు కట్టిన ఉచ్చుతో మెల్లగా బయటికి తీసి చూడగా, అది కహౌయే! సుమారు 330 ఏండ్లు మానవుని కన్నుగప్పి, పందులును ఎలుకలును సులభముగా చేరలేని ఆ రాళ్లపై అది బ్రతికియుండెను.

దొరకుటతో కథ ముగియలేదు. అక్కడ మట్టి చాలనందున కహౌలు రాతి బిలములలో గూడు పెట్టుచుండెను. వానికంటె పెద్దవైన ట్రాపిక్ పక్షులు ఆ బిలములలో దూరి పిల్లలను చంపుచుండెను. అందుచే కహౌ మాత్రమే పట్టునంత రంధ్రముగల పలకలను బిలద్వారములకు అమర్చిరి. వింగేట్ పెద్దవాడై, ఈ రక్షణకార్యమునకే తన జీవితము నంకితము చేసెను. కాంక్రీటు బొరియలు కట్టించెను.

అంతలో కంటికి కనబడని శత్రువు బయటపడెను. 1968లో వుర్‌స్టర్, వింగేట్ ప్రకటించిన పరిశోధన ప్రకారము, గ్రుడ్లలోను పిల్లలలోను సగటున పది లక్షల భాగములకు 6.44 భాగముల డి.డి.టి. అవశేషములు కలవు. కహౌలు ఆహారమునకై పోవునది నడిసముద్రమునకు. అక్కడ ఎవరును మందు చల్లలేదు. పొలములలో చల్లిన విషము సముద్రజీవుల ఆహారపరంపర ద్వారా పక్షిని చేరెను. అమెరికాలో డి.డి.టి. వాడకము 1972లో నిషేధింపబడెను.

1960 ప్రాంతమున 18 జతలుగా లెక్కకు వచ్చిన ఈ పక్షులు నేడు 150 జతలు దాటినవి. 2004 మొదలు కొన్ని పిల్లలను, తుపానులకు మునుగని నాన్‌సచ్ దీవికి తరలించిరి. 2009లో అక్కడ తొలి పిల్ల పెరిగెను. 1616 నాటి శాసనము కాగితముపై నిలిచిపోయెను. 1951 తరువాతి రక్షణ ప్రతి బొరియ వద్దకును నడచి వెళ్లెను. ఫలితములోని భేదమున కదియే కారణము.